డబ్బు రావాలి, మాట రాకూడదు: ఉత్తర కొరియా టూరిజం లెక్క

ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో మాన్సుదే గుట్ట మీద రెండు కంచు విగ్రహాలుంటాయి. ఒకటి దేశాన్ని స్థాపించిన కిమ్ ఇల్ సంగ్‌ది, పక్కన కొడుకు కిమ్ జోంగ్ ఇల్‌ది. ఒక్కోటీ దాదాపు ఇరవై మీటర్ల ఎత్తు. విదేశీ టూరిస్టుల బస్సు ఏదైనా సరే, ఊళ్లోకి వచ్చాక ముందుగా ఆగే చోట్లలో ఇదొకటి. దిగాక పువ్వులు కొనాలి, విగ్రహాల పాదాల దగ్గర పెట్టాలి, వరసగా నిలబడి తల వంచి దణ్ణం పెట్టాలి. ఆ తర్వాతే ఫొటోలు. విగ్రహం తల నుంచి కాళ్ల దాకా ఫ్రేములో పడాల్సిందే. చెయ్యి తెగినా, పాదం తెగినా గైడు వచ్చి, తీసేసి మళ్లీ తియ్యమంటుంది. విగ్రహంలాగా చెయ్యి చాపి పోజు పెట్టకూడదు. హోటల్లో ఇచ్చిన దినపత్రిక మీద నాయకుడి బొమ్మ ఉంటే దాన్ని బొమ్మ మీదుగా మడత పెట్టకూడదు, నలిపి చెత్తబుట్టలో పడెయ్యకూడదు.

ఇలాంటివి విన్నవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. "పిచ్చి దేశం, పిచ్చి రూల్సు" అని కొట్టిపారేసేవాళ్లు ఒకరు. "అక్కడ కనిపించేదంతా నాటకమట, రోడ్డు మీద నడిచేవాళ్లు కూడా నటులేనట" అనేవాళ్లు ఇంకొకరు. రెండూ సులువైన మాటలే, రెండూ ఆ దేశాన్ని అర్థం చేసుకోవడానికి పనికిరావు. ఆ నియమాల వెనక ఒక లెక్క ఉంది. టూరిస్టు ఆ ప్రభుత్వానికి రెండు వస్తువుల్ని మోసుకొస్తాడు. ఒకటి విదేశీ డబ్బు, అది కావాలి. రెండోది బయటి ప్రపంచపు మాట, అది అసలు వద్దు. రెండూ ఒకే మనిషి ఒంటి మీద వస్తున్నాయి కాబట్టి మనిషిని రానిచ్చి, డబ్బు తీసుకుని, మాటను మాత్రం గుమ్మంలోనే ఆపాలి. అక్కడి టూరిజం ఏర్పాటంతా ఈ వడపోత కోసమే.

ముందు లోపలికి వెళ్లే దారి చూద్దాం. టికెట్ కొనుక్కుని, దిగాక వీసా తీసుకుని, నచ్చిన ఊరు తిరగడం అక్కడ కుదరదు. బీజింగ్ లాంటి చోట్ల ఉన్న కొద్దిపాటి ట్రావెల్ కంపెనీల ద్వారానే వెళ్లాలి. వాటికి లోపల ప్రభుత్వ టూరిజం సంస్థలతో ఒప్పందం ఉంటుంది. రోజులు, ఊళ్లు, హోటలు, భోజనం, బస్సు, గైడ్లు అన్నీ ముందే ఖరారై, డబ్బంతా ముందే కట్టించుకుంటారు. ఒంటరిగా వెళ్లొచ్చు కానీ అదీ ఇద్దరు గైడ్లు, ఒక డ్రైవరుతో కూడిన ప్రైవేటు టూరే. వీసా సాధారణంగా పాస్‌పోర్టులో ముద్ర వెయ్యరు, విడిగా ఒక కార్డు ఇస్తారు. వెళ్లేటప్పుడు అదీ తీసేసుకుంటారు. అంటే మీరు ఆ దేశం వెళ్లారనడానికి పాస్‌పోర్టులో గుర్తే మిగలదు.

ఎవరు వెళ్లొచ్చన్నదీ చిక్కు ప్రశ్నే. దక్షిణ కొరియా పౌరులు తమ ప్రభుత్వం అనుమతి లేకుండా వెళ్తే సొంత దేశంలోనే నేరం. అమెరికా పాస్‌పోర్టుతో వెళ్లడాన్ని 2017 సెప్టెంబరు 1 నుంచి అమెరికాయే నిషేధించింది, ఏటా పొడిగిస్తూ వస్తోంది. వీసా లేకుండా అమెరికా వెళ్లే వెసులుబాటున్న దేశాలవాళ్లు కూడా, 2011 మార్చి తర్వాత ఎప్పుడైనా ఉత్తర కొరియా వెళ్లుంటే ఆ వెసులుబాటు పోగొట్టుకుని మామూలు వీసాకు దరఖాస్తు చేసుకోవాల్సిందే. విలేకరులు టూరిస్టు వీసా మీద వెళ్లడానికి లేదు. మనకైతే పాస్‌పోర్టు పరంగా అలాంటి అడ్డేమీ లేదు. భారత్‌కు ప్యాంగ్యాంగ్‌లో రాయబార కార్యాలయం ఉంది. 2021లో మూతపడి, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది.

దిగిన దగ్గర్నుంచి వడపోత మొదలు. కస్టమ్స్‌లో పుస్తకాలు, ఫోన్లు, ల్యాప్‌టాపులు తెరిచి చూస్తారు. దక్షిణ కొరియా సినిమాలు, ఆ దేశం గురించి విదేశాల్లో అచ్చయిన పుస్తకాలు, బైబిళ్లు దొరికితే చిక్కే. 2013కు ముందైతే ఫోన్లే విమానాశ్రయంలో అప్పజెప్పి వెళ్లేవాళ్లు. ఆ ఏడాది నుంచి ఫోన్లు లోపలికి తీసుకెళ్లనిస్తున్నారు, విదేశీయులకు సిమ్ కార్డులూ అమ్మారు. అయితే ఆ సిమ్‌తో అక్కడి మనిషికి ఫోన్ చెయ్యలేరు. కంపెనీ ఒకటే, టవర్లవే, కానీ విదేశీయుల నంబర్లు ఒక గదిలో, దేశీయుల నంబర్లు ఇంకో గదిలో. మధ్యలో తలుపు లేదు. టీవీ సంగతీ అంతే. విదేశీయులు దిగే పెద్ద హోటల్‌లో బీబీసీ వస్తుంది. పక్క వీధిలో ఇంట్లో ఉన్న రేడియో మాత్రం ప్రభుత్వ స్టేషన్ దగ్గరే బిగించి, సీలు వేసి ఉంటుంది.

డబ్బునూ ఇలాగే రెండు పాయలు చేశారు. ఒకప్పుడు విదేశీయుల కోసం వేరే నోట్లే అచ్చు వేసేవాళ్లు. అందులోనూ సోషలిస్టు దేశాలవాళ్లకు ఒక రంగు, పెట్టుబడిదారీ దేశాలవాళ్లకు ఇంకో రంగు! జేబులోంచి నోటు తీస్తే చాలు, మీది ఏ కూటమో తెలిసిపోతుంది. 2002లో వాటిని రద్దు చేశాక నేరుగా యూరోలు, యువాన్లు, డాలర్లతోనే పని. టూరిస్టు చేతికి దేశపు వాన్ నోటు మామూలుగా రాదు. దీనికి లెక్కపరమైన కారణం ఒకటుంది. అధికారిక రేటు డాలరుకు వంద వాన్‌ల చిల్లర ఉన్న రోజుల్లోనే బజారు రేటు ఎనిమిది వేల దగ్గర ఆడింది. స్వేచ్ఛగా మార్చుకుని బజారుకెళ్లే టూరిస్టు ఒక్కడికి ఆ తేడా తెలిసిందంటే అధికారిక అంకె ఉత్తుత్తిదని తేలిపోతుంది. తర్వాత తర్వాత ప్యాంగ్యాంగ్‌లోని క్వాంగ్‌బోక్ సూపర్‌మార్కెట్‌లో విదేశీయుల్ని బజారు రేటుకు దగ్గరగా మార్చుకోనిచ్చారు. ఆ ఒక్క భవనంలో మాత్రం అబద్ధాన్ని కాసేపు పక్కనపెట్టారన్నమాట.

ఇక గైడ్లు. ఒక్క టూరిస్టు వచ్చినా ఇద్దరుంటారు. ఒకరు మిమ్మల్ని చూస్తారు, ఇంకొకరు ఆ మొదటివారిని చూస్తారు. ఇది కొంటె మాటలా ఉంది గానీ ఏర్పాటులోని కీలకం ఇదే. విదేశీ భాష వచ్చినవాళ్లు, రోజూ విదేశీయులతో మాట్లాడేవాళ్లు ప్రభుత్వం దృష్టిలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లు. వాళ్లను ఒంటరిగా వదలరు. పొద్దున్న హోటలు లాబీలో కలిసిన దగ్గర్నుంచి రాత్రి తిరిగి దింపేదాకా వెంటే ఉంటారు. హోటలు గేటు దాటి ఒంటరిగా నడవడానికి లేదు. అందుకే టూరిస్టుల్ని ఎక్కువగా దింపే యాంగ్‌గాక్దో హోటల్‌ను నది మధ్య దీవిలో కట్టుకున్నారేమో అనిపిస్తుంది. 47 అంతస్తులు, పైన గుండ్రంగా తిరిగే రెస్టారెంటు, కింద బౌలింగ్ ఆటలు. లోపల ఎక్కడైనా తిరగండి, బయట నాలుగువైపులా తెదోంగ్ నదే కాపలా.

తిరిగొచ్చినవాళ్లు గైడ్ల గురించి చెప్పేది వింటే ఇంకో ముఖమూ కనిపిస్తుంది. బాగా చదువుకున్నవాళ్లు, చలాకీ మనుషులు, బస్సులో పాటలు పాడతారు, జోకులేస్తారు, పిల్లల చదువుల గురించి బెంగపడతారు. ఛాతీ మీద నాయకుల బ్యాడ్జీ మాత్రం తియ్యరు. టూరిస్టు ఏదైనా తప్పు చేస్తే ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది వీళ్లే. తలబిరుసు టూరిస్టు ఒకడు విమానమెక్కి వెళ్లిపోతాడు, వాడి వీడియోకు లైకులొస్తాయి. గైడు అక్కడే ఉంటుంది. ఆ దేశపు నియమాలను ధిక్కరించడాన్ని సాహసంగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు వచ్చేది ఇందుకే. ఆ సాహసం ఖర్చు ఇంకొకరి ఖాతాలో పడుతోంది.

ఇప్పుడు "అంతా నాటకమే" అన్న మాట దగ్గరికి వద్దాం. ఈ అపోహకు మంచి ఉదాహరణ ప్యాంగ్యాంగ్ మెట్రో. వంద మీటర్ల లోతున పాలరాయి స్తంభాలు, షాండిలియర్లతో ఉండే ఆ మెట్రోలో చాలా ఏళ్లు విదేశీయులకు రెండే స్టేషన్లు చూపించేవాళ్లు, పుహంగ్, యోంగ్వాంగ్. ఒకదాంట్లో ఎక్కించి పక్కదాంట్లో దించేవాళ్లు. దాంతో ఉన్నవి ఆ రెండే స్టేషన్లనీ, ప్రయాణికులంతా అద్దె మనుషులనీ పుకారు పుట్టి ప్రపంచమంతా తిరిగింది. 2010 తర్వాత ఒక్కో స్టేషనూ చూపిస్తూ పోయి చివరికి మిగతా స్టేషన్లకూ తీసుకెళ్లారు. అవన్నీ ఉన్నాయి. జనం ఆఫీసులకు వెళ్తున్నారు, కొందరు బెర్లిన్ నుంచి కొన్న పాత పెట్టెల్లో నిలబడి పుస్తకాలు చదువుకుంటున్నారు. చూపించడానికి ఆ రెండే ఎందుకు ఎంచుకున్నారంటే, అందంగా ఉన్నవి అవి కాబట్టి.

పెళ్లిచూపులు గుర్తు తెచ్చుకోండి. ఇల్లు అబద్ధం కాదు, మనుషులు అబద్ధం కాదు, పెట్టిన స్వీటూ నిజమే. కానీ ఏ గది తలుపు తెరిచి ఉంచాలో, ఏ మామయ్యను ఆ పూటకు ఊరికి పంపెయ్యాలో ఇంటివాళ్లు ముందే అనుకుంటారు. ప్యాంగ్యాంగ్ అంటేనే ఆ ముందుగది. అక్కడ ఉండాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, నమ్మకస్తులకే ఆ అనుమతి. టూరిస్టుకు కనిపించే మనిషి నటుడు కాదు, ఎంపికైన మనిషి. నటుడు రాత్రికి వేషం తీసేస్తాడు. ఎంపికైనవాడికి ఆ వీలు లేదు.

మాటను ఎంత దూరం వెంటాడతారో తెలియాలంటే కుమ్‌గాంగ్ కొండల కథ వినాలి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా విప్పిచెప్పే కథ అదే. తూర్పు తీరాన, సరిహద్దుకు కొంచెం ఎగువన ఉన్న ఆ కొండలు కొరియన్లందరికీ పాటల్లో, బొమ్మల్లో తెలిసినవి. 1998 నవంబరులో దక్షిణ కొరియా హ్యుందాయ్ కంపెనీ అక్కడికి ఓడ టూర్లు మొదలుపెట్టింది. కొరియా యుద్ధం తర్వాత మామూలు దక్షిణ కొరియన్లు గుంపులుగా ఉత్తరాన కాలు పెట్టడం అదే మొదలు. ఆ హక్కు కోసం ఆరేళ్లలో 94.2 కోట్ల డాలర్లు చెల్లిస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఉత్తరాదికి ఇంతకన్నా ఖరీదైన టూరిస్టు లేడు, ఇంతకన్నా ప్రమాదకరమైన టూరిస్టూ లేడు. అదే భాష మాట్లాడతాడు, అదే ముఖం, కాళ్లకు మంచి బూట్లు. పక్కన నిలబడితే చాలు, వేరే మాటలు అక్కర్లేదు.

అందుకని కొండను కంచెలో పెట్టారు. బస్సు దారికి రెండు వైపులా కంచె, కంచె అవతల సైనికులు. యాత్రికులు మెడలో కార్డు వేలాడదీసుకోవాలి. బస్సులోంచి ఊళ్ల ఫొటోలు తియ్యకూడదు. రాజకీయం మాట్లాడకూడదు. 1999 జూన్‌లో ఒక దక్షిణ కొరియా గృహిణి అక్కడి గైడుతో మాటల్లో, ఉత్తరం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు దక్షిణాన బాగానే బతుకుతున్నారన్నట్టు ఏదో అంది. ఆమెను పట్టి దాదాపు వారం నిర్బంధించారు. ఆ గొడవకు టూర్లే కొన్ని వారాలు ఆగాయి. కొన్ని కోట్ల డాలర్ల వ్యాపారం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ఏది ఎక్కువ విలువైనదో ఆ ప్రభుత్వం అప్పుడే చెప్పేసింది.

తర్వాత రోడ్డు దారి కూడా తెరిచారు. మొత్తం మీద ఇరవై లక్షలకు కొంచెం తక్కువమంది దక్షిణ కొరియన్లు ఆ కొండలు చూసొచ్చారు. 2008 జూలై 11 తెల్లవారుజామున ఒక యాత్రికురాలు తీరం వెంట నడుస్తూ కంచె దాటి సైనిక ప్రాంతంలోకి వెళ్లింది. సైనికుడు కాల్చాడు, చనిపోయింది. దక్షిణ కొరియా అప్పుడు ఆపిన టూర్లు మళ్లీ మొదలుకాలేదు. 2019లో కిమ్ జోంగ్ ఉన్ వచ్చి అక్కడ దక్షిణాదివాళ్లు కట్టిన హోటళ్లవీ చూసి, అసహ్యంగా ఉన్నాయి, పీకి పారెయ్యండన్నాడు.

పాశ్చాత్య టూరిస్టులకు అలాంటి గుండెదడ వచ్చింది 2016లో. ఓట్టో వార్మ్‌బియర్ అనే అమెరికన్ కాలేజీ విద్యార్థిని తిరుగు విమానం ఎక్కబోతుండగా అరెస్టు చేశారు. హోటల్లో సిబ్బంది మాత్రమే వెళ్లే అంతస్తులోంచి ఒక ప్రచార పోస్టరు దొంగిలించబోయాడని అభియోగం. పదిహేనేళ్ల కఠిన శిక్ష వేశారు. 2017 జూన్‌లో స్పృహ లేని స్థితిలో ఇంటికి పంపితే ఆరు రోజులకు చనిపోయాడు. అతనికి లోపల ఏమైందన్నదాని మీద ఉత్తర కొరియా మాటకూ, కుటుంబం మాటకూ ఇప్పటికీ పొంతన లేదు. అమెరికా నిషేధం పుట్టింది ఇందులోంచే. ఆ దేశానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది క్షేమంగానే తిరిగొచ్చారన్నది నిజం. తేడా వస్తే ఎంతదాకా పోతుందో ఎవరూ చెప్పలేరన్నదీ అంతే నిజం. ఈ రెండో దానికి ఇన్సూరెన్సు లేదు.

సరే, ఇంత భయం ఉన్నప్పుడు అసలు టూరిస్టులే వద్దనుకోవచ్చుగా? ఇక్కడ ఐక్యరాజ్యసమితి లెక్క కలుస్తుంది. అణు పరీక్షల తర్వాత 2017లో భద్రతా మండలి వరసగా తీర్మానాలు చేసి బొగ్గు, ఇనుము, చేపలు, బట్టలు, ఇలా ఉత్తర కొరియా అమ్ముకునేవాటిలో ఎక్కువ భాగం ఆపేసింది. విదేశాల్లో పనిచేసే కూలీలను వెనక్కి పంపెయ్యమంది. టూరిజం మాత్రం ఆ జాబితాలో లేదు. టూరిస్టు సముద్రం చూసి వెళ్లిపోతాడు, ఓడలోకి ఏ సరుకూ ఎక్కదు, డాలరు మాత్రం దిగుతుంది. మాసిక్‌ర్యోంగ్ కొండ మీద స్కీయింగ్ రిసార్టును కిమ్ జోంగ్ ఉన్ 2013లోనే కట్టించాడు. ఆ తర్వాత యాంగ్‌డోక్‌లో వేడినీటి బుగ్గలు, వోన్‌సాన్ తీరంలో హోటళ్ల వరస కట్టించడం వెనక ఈ సందు ఉంది. ఆ సందులోంచి వచ్చేది ఎక్కువగా చైనా జనమే. 2019లో వాళ్ల సంఖ్య మూడు లక్షలు దాటిందని అంచనా. పాశ్చాత్యులు ఏడాదికి కొద్ది వేలమంది. పత్రికల్లో, యూట్యూబులో కనిపించేది వీళ్లే గానీ గల్లాపెట్టె నింపింది వాళ్లు.

2020 జనవరిలో కోవిడ్ పేరుతో తలుపు మూశారు. ప్రపంచంలో అందరికన్నా ముందు మూసినవాళ్లలో ఉన్నారు, అందరికన్నా ఆలస్యంగా తెరిచినవాళ్లూ వాళ్లే. మూసి ఉన్న ఆ కాలంలో లోపల ఒక పని జరిగింది. 2020 డిసెంబరులో తెచ్చిన చట్టం ప్రకారం దక్షిణ కొరియా సినిమాలు పంచిపెట్టినవాళ్లకు మరణశిక్ష దాకా వెయ్యొచ్చు. 2023లో ఇంకోటి తెచ్చారు, అది భాష మీద. ప్రియుణ్ని "ఓప్పా" (అన్నయ్య) అని దక్షిణాది సీరియళ్ల పద్ధతిలో పిలవడం కూడా నేరమే. వరస పిలుపు మీద చట్టం చేసిన ప్రభుత్వం టూరిస్టు బస్సును ఎలా చూస్తుందో ఊహించుకోవచ్చు.

అందుకే తలుపు మళ్లీ తెరిచినప్పుడు ఒక చెయ్యి గొళ్లెం మీదే ఉంచారు. 2024 ఫిబ్రవరిలో ముందుగా రష్యన్లు, ఓ వందమంది దాకా, మాసిక్‌ర్యోంగ్ మంచు మీదికి వచ్చారు. 2025 ఫిబ్రవరిలో పాశ్చాత్యులకు ఈశాన్య మూలన ఉన్న రాసోన్ తెరిచారు. రాసోన్ 1991 నుంచి ప్రత్యేక ఆర్థిక మండలి. ఒకపక్క చైనా, ఇంకోపక్క రష్యా, లోపల యువాన్లే చెల్లుతాయి. దేశం లోపల ఉంటూనే దేశానికి బయట ఉన్నట్టుండే చోటు అది, కొత్తవాళ్లను పరీక్షించుకోవడానికి వీధి అరుగులా పనికొస్తుంది. వెళ్లినవాళ్లు రోజుల్లోనే వీడియోలు పెట్టారు. బళ్లో పిల్లలు క్షిపణి బొమ్మల ముందు చేసే డాన్సుల్ని ప్రపంచమంతా చూసింది. మూడు వారాలు కూడా తిరక్కుండా మళ్లీ మూసేశారు. కారణం చెప్పలేదు. వీడియోల వల్లేనని చాలామంది అనుకుంటున్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. డబ్బు వచ్చింది, దాని వెనకే మాట బయటికి పోయింది. కొత్త చిక్కేమిటంటే, పాత వడపోత మాట లోపలికి రాకుండా చూసుకోవడానికి కట్టింది. బయటికి పోయేదాన్ని ఫోన్ ఉన్న ప్రతివాడూ మోసుకుపోతున్నాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్యాంగ్యాంగ్ మారథాన్‌కు రెండు వందలమంది దాకా విదేశీ పరుగువీరులను రానిచ్చారు. పరిగెత్తారు, పంపేశారు.

వెళ్లాలా వద్దా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. మీరిచ్చే డబ్బు ఆ ప్రభుత్వానికే పోతుందన్నది కాదనలేం. ఏ దుకాణంలో కొన్నా, ఏ హోటల్లో తిన్నా అంతే. అయితే విదేశీ మనిషంటే పోస్టర్లలో రక్తం తాగే రాక్షసుడే అని పెరిగిన పిల్లవాడికి, బస్సు కిటికీలోంచి చెయ్యూపే మనిషి ఒకడు కనబడటం కూడా చిన్న సంగతి కాదంటారు వెళ్లొచ్చినవాళ్లు. ఇద్దరి మాటా నాకు సగం సగమే ఒప్పుకోబుద్ధవుతుంది. కొద్ది వేలమంది పాశ్చాత్యుల డబ్బుతో బాంబులు తయారవ్వవు, వాళ్ల చెయ్యూపుడుతో గోడలూ కూలవు. వెళ్లేవాళ్లు దేశాన్ని చూడబోతున్నామనుకోకుండా, ఆ దేశం తనను తాను ఎలా చూపించుకోవాలనుకుంటోందో చూడబోతున్నామనుకుని వెళ్తే చూసినదానికి అర్థం ఉంటుంది. ఆ గైడు ఉద్యోగం చెడగొట్టకుండా తిరిగొస్తే ఇంకా మంచిది.

ప్రభుత్వం మాత్రం తన లెక్కకు జవాబు దొరికిందనుకున్నట్టుంది, వోన్‌సాన్-కాల్మా తీరంలో. ఊళ్లకు ఎడంగా, నాలుగు కిలోమీటర్ల ఇసుక వెంట హోటళ్లు. దాదాపు ఇరవై వేలమంది పట్టేంత చోటు. 2019లో పూర్తవ్వాల్సింది, 2025 జూలై 1న తెరుచుకుంది. టూరిస్టుకు సముద్రం తప్ప చూడటానికి ఏమీ లేదు, మాట్లాడటానికి తోటి టూరిస్టులు తప్ప ఎవరూ లేరు. నెల మధ్యలో వచ్చిన మొదటి రష్యన్ బృందంలో ఇరవై మంది కూడా లేరు. అదే రోజుల్లో ప్రభుత్వ టూరిజం వెబ్‌సైటులో విదేశీయులను తాత్కాలికంగా చేర్చుకోవడం లేదని ఒక్క వాక్యం కనిపించింది. రష్యన్లకు ఆ తర్వాత కూడా దారి పూర్తిగా మూసుకోలేదు. మిగతావాళ్లకు ఆ వాక్యమే జవాబు. ఇసుక మీద రంగురంగుల గొడుగుల కింద కూర్చున్నది అప్పటికి సొంత జనమే.